స్లాబు కావాలన్న వాడ

ఆవిడ ఇళ్ళకు ప్లాన్లు గీసే ఇంజనీరు. వాడలో అందరూ ‘మట్టి మేడమ్’ అనేవారు. మొదట్లో చాటుగా, తర్వాత మొహానే.

ఆ వాడలోని మట్టిళ్ళన్నీ ఒక్క వరదకు కరిగిపోయాయి. కొత్తవి కట్టే పని తనకు వచ్చినప్పుడు ఆవిడ మొహం చేటంత అయింది. ఎత్తయిన రాతి పునాది, కాస్త సిమెంటు కలిపి అచ్చులో నొక్కిన మట్టి ఇటుకలు, పైన పెంకులు, వాననీళ్ళు పట్టే తొట్టి, వంటింటి నీళ్ళు పారే కూరగాయల పెరడు. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికే ఇల్లు. నమూనాగా ఒకటి కట్టింది. ఇళ్ళ పథకం చూసే ఆఫీసరు వచ్చి ఫొటోలు దిగి వెళ్ళాడు. కాపురానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

“ఈ ఇటుక నీళ్ళలో నానేసినా చెక్కుచెదరదు, కావాలంటే చూడండి,” అని బతిమాలింది.

“మట్టి మట్టేగా మేడమ్. మునిగింది మేము,” అంది బట్టలు కుట్టే అక్క. “స్లాబు వేయించండి చాలు.”

ఆవిడకు ఒళ్ళు మండింది. పంతం పట్టి, అత్తగారిని వెంటబెట్టుకుని తనే ఆ ఇంట్లో దిగింది. సామాను సర్దడం పూర్తవకముందే వంటింట్లోంచి దగ్గు, దాని వెనకే అత్తగారి గొంతు.

“ఈ ప్లాను గీసిన మహాతల్లెవరో గానీ, జన్మలో పొయ్యి వెలిగించి ఉండదు.”

“నేనే కదా అత్తయ్యా.”

“తెలుసు. అందుకే అంటున్నా.”

నిజమే. కిటికీ గాలికి ఎదురుగా ఉండడంతో పొగంతా మళ్ళీ లోపలికే తన్నుకొస్తోంది. కిటికీని పక్క గోడకు మారుస్తానని ఆఫీసరుకు చెప్పింది.

“కిటికీ మారిస్తే అది వేరే నమూనా అవుతుందమ్మా. మళ్ళీ మొదట్నుంచీ అనుమతులు తెచ్చుకోవాలి.”

చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఆయన కదల్లేదు. ఇటు అత్తగారి దగ్గు తగ్గలేదు. చివరికి మేస్త్రీని పిలిచి గోడ పగలగొట్టించింది. పొగ పోయింది, దాంతోపాటే నమూనా కూడా. ఫొటోలో ఉన్న ఇల్లూ ఇదీ ఒకటి కాదని రద్దు చేశారు. వాడంతా స్లాబిళ్ళే కట్టమన్నారు. ఇంకెవరో గీసిన ఆ ప్లాను దగ్గరుండి కట్టించే పని ఆవిడకే అంటగట్టారు.

పళ్ళు కొరుక్కుంటూనే కట్టించింది. జనం సంబరంగా చేరారు. ఎండలు ముదిరాక ఆ స్లాబులు పెనాల్లా కాలసాగాయి. మధ్యాహ్నమైతే చాలు, ఆడవాళ్ళు చాపలు చంకన పెట్టుకుని మట్టింటికి వచ్చేసేవారు.

“చల్లగా ఉందా?” అని అడిగింది ఓ రోజు.

“ప్రాణం లేచొస్తోంది మేడమ్,” అంది కుట్టే అక్క.

“ఇలాంటిదే మీకూ కట్టించేదాన్నిగా?”

“అబ్బే, ఇల్లన్నాక స్లాబుండాలి,” అని అటు తిరిగి పడుకుంది.

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తగారు మాత్రం వచ్చినవాళ్ళకు తలగడలు సర్దుతోంది.

వానలు పడేలోపు కనీసం ప్రతి ఇంటికీ నీళ్ళ తొట్టయినా పెట్టించాలని ఆవిడ మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఎలాగో ఒప్పించింది. తీరా తొట్లు పెట్టాక ఒక డాబా ఎక్కి చూస్తే, మేస్త్రీ స్లాబు వాలు వీధివైపు పెట్టాడు. ఆవిడ బిందెడు నీళ్ళు తెప్పించి స్లాబు మీద కుమ్మరించింది. తొట్టి ఇటుంటే నీళ్ళు అటు పరిగెత్తాయి.

“చూశావా?”

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. “ప్లానులో అలాగే ఉంది మేడమ్.”

“తవ్వి, వాలు తొట్టివైపు తిప్పు,” అందావిడ.