ఆరో సోల

నా చిన్నప్పుడు, నైజాం రోజుల్లో, గద్వాలలోని మా సాలెవాడలో బతుకులు పట్టు తూకం మీద నడిచేవి. సావుకారు పట్టునూలు తూచి ఇచ్చేవాడు, కండెలు చుట్టి తెచ్చాక మళ్లీ తూచి తీసుకునేవాడు. తేడా వచ్చిందా, ఆ ఇంటికి ఇక పని లేనట్టే. మా పక్కింటి అక్కకు మగడు లేడు. రోజంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి, నా ఈడు కూతుర్ని సాకేది.

ఆ పిల్లా నేనూ ఒకే గుడ్డబొమ్మతో ఆడుకునేవాళ్లం. బొమ్మకు ఎర్రపట్టు జడ ఉండాలని నాకు బుద్ధి పుట్టింది. అక్క పొయ్యి దగ్గరికి లేచినప్పుడల్లా కొన్ని బారల పట్టు లాగి, మా అటక మీది కుండలో దాచాను. జడ పూర్తయ్యాక నా నేస్తాన్ని మురిపించాలని నా ఆశ. రోజుకు ఇంత తీస్తే ఎవరికి తెలుస్తుందనుకున్నాను. తక్కెడకు తెలిసింది.

సావుకారు నలుగురిలో అక్కను దొంగ అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, నోరు విప్పలేదు. నెల తిరిగేసరికి ఇంట్లో గింజలు అడుగంటాయి. అక్క కూతుర్ని ఉప్పునుంతలలోని చెల్లెలింటికి పంపింది. బండెక్కుతూ ఆ పిల్ల బొమ్మను నాకే ఇచ్చిపోయింది.

ఆ తర్వాత ఎండలో వట్టి కాళ్లతో జమ్ములమ్మ గుడికి నడిచిపోయి, నా పాపం పోతే కోడిని ఇస్తానని మొక్కాను. కాళ్లు బొబ్బలెక్కాయి గానీ గుండెలో బరువు అట్లాగే ఉంది. అమ్మ నన్ను దవాఖానకు తీసుకుపోయింది. ఆమె మందు కోసం బయట నిలబడి ఉండగా, కట్టు కడుతున్న కిరస్తానీ పెద్దమ్మ ఈ బొబ్బలేమిటని అడిగింది. ఏడుస్తూ అంతా కక్కేశాను.

ఆమె తిట్టలేదు. తమ బైబిల్లోని వెనకటి హెబ్రీయుల సంగతి చెప్పింది. వాళ్లలో ఇతరుల సొత్తు కాజేసినవాడు దేవుడికి పొట్టేలును బలి ఇవ్వాలట.

"పొట్టేలు తర్వాత బిడ్డా. ముందుగాల తప్పు ఒప్పుకోవాలె, ఎవ్వరిది తీస్తే వాళ్లకే ఇయ్యాలె. అయిదు సోలల గింజలు తీస్తే ఆరు సోలలు కొలవాలె."

"ఆరోది ఎందుకు?"

"వాళ్లు పడ్డ గోసకు."

"గోస అంతకన్న పెద్దగుంటే?"

ఆమె కట్టు ముడి వేసి, నా తల నిమిరింది.

ఇంటికొచ్చి కుండలోని పట్టు తీశాను. ఆరో పాలుగా అమ్మ నాకోసం అల్లిన పట్టు జడకుచ్చులు కలిపి, అక్క ముందు పెట్టి నిజం చెప్పాను. అక్క ఖాళీ రాట్నం వైపే చూసింది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"నాతోని కాదు బిడ్డా, సావుకారి ముంగట చెప్పు" అని నా చెయ్యి పట్టుకుని నడిచింది.

అదే నలుగురిలో చెప్పాను. సావుకారు పట్టు తూచుకుని, కుచ్చులు పక్కకు నెట్టి, అక్కకు మళ్లీ నూలిచ్చాడు. కుచ్చులను అక్క కొంగున ముడేసుకుంది. "నా బిడ్డ జడకు పెడత" అంది. ఆ నెలలో ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

మరునాడు కూతుర్ని తెచ్చుకోవడానికి ఉప్పునుంతల పోయింది. ఒక్కతే తిరిగొచ్చింది. అక్కడ జ్వరాలు తిరుగుతున్నాయట, అక్క చేరేసరికి పిల్లను మట్టి చేసి రెండు రోజులు దాటిందట. కొంగుముడి విప్పి కుచ్చులు నా చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టుకో బిడ్డా" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఆనాడే కాదు, ఎన్నడూ.

నేను వాటిని ఏనాడూ జడకు పెట్టుకోలేదు. ఇప్పటికీ ఎవరింటి నుంచైనా అయిదు సోలల బియ్యం బదులు తెస్తే ఆరు కొలిచి ఇస్తాను. అవ్వది పెద్ద చెయ్యి అని వాడలో మెచ్చుకుంటారు, మా కోడలు మాత్రం ఇల్లు గుల్ల చేస్తున్నానని గొణుగుతుంది. ఏ ఆరో సోలా ఆ పిల్ల దాకా చేరదని తెలిసీ, కొలుస్తూనే ఉన్నాను.