మంచి కాలూ వద్దు

భోగాపురంలో మా స్టాఫ్ బస్సు కదలగానే, టైరు కింద నలిగిన నిమ్మకాయ వాసన డీజిల్ పొగతో కలిసి ముక్కుకు తగులుతుంది. వెంటనే సింహాచలం గారు గుర్తొస్తారు, నవ్వొస్తుంది. అప్పట్లో గరివిడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆయన హెచ్.ఆర్. మేనేజరు, నేను ఆయన కింద ట్రైనీని. మనుషులతో ఎలా మెలగాలో నా డిగ్రీ నేర్పలేదు, ఆయన నేర్పారు.

నేను చేరిన ఏడాదే పైడితల్లి చేరింది. భర్త జ్వరంతో పోతే, అతని బదులు ఆమెకు గేటు దగ్గర హాజరు వేసే పని ఇచ్చారు. మర్నాటి నుంచే గొడవ. పొద్దున్నే విధవ ఎదురైతే ఫర్నేసు దగ్గర ప్రమాదమట! మొదటి షిఫ్టు వాళ్లు లారీల గేటులోంచి దూరడం మొదలుపెట్టారు. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను చూడటానికి ఒకరినొకరు తోసుకునే ఆ భక్తులే, అమ్మవారి పేరు పెట్టుకున్న మనిషిని చూసి మొహం తిప్పుకున్నారు. ఆమెను క్యాంటీన్‌కు పంపేయమన్నారు పైవాళ్లు. క్యాంటీన్ కాంట్రాక్టరుది. అక్కడికి పంపితే పర్మినెంటయ్యే వీలూ, దాని మీద ఆశపెట్టుకున్న పిల్లల చదువూ పోయినట్టే.

సింహాచలం గారు సర్క్యులర్ రాయలేదు. లారీల గేటు దగ్గర వాచ్‌మన్‌ని నిలబెట్టి, తెల్లారేసరికి పైడితల్లి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫోర్‌మన్ అప్పలస్వామి వచ్చి గేటు బయటే ఆగిపోయాడు.

"ఏటి బాబూ, పొద్దున్నే ఈ ఎదురేటి? మా పేనాలకి ఏటైనా అయితే?"

"ఒరే అప్పలసామీ, ఆ కేరేజీ ఎవుల్రా కట్టినారు?"

"మాయమ్మ."

"మీ నాన్న ఎప్పుడో పోయాడు గదా! రోజూ పొద్దున్నే ఆవిడ మొకమే సూసి, ఆవిడ సేతి కూడే కట్టుకొని ఫర్నేసు కాడికొస్తన్నావు. సచ్చిపోనావేట్రా?"

వెనకున్న వరుసంతా గొల్లుమంది. అప్పలస్వామి కూడా నవ్వాపుకోలేక లోపలికి నడిచాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ నెల ఉత్పత్తి బ్రహ్మాండంగా వచ్చింది. అదే జనం చీర పట్టుకొచ్చి, "పైడితల్లిది మంచి కాలు బాబూ, ఫర్నేసుకి కొబ్బరికాయ ఆమె సేతే కొట్టిద్దాం" అన్నారు. నేను చప్పట్లు కొట్టబోయాను. సింహాచలం గారికి మాత్రం కోపం వచ్చింది.

"ఇయ్యాల మండితే ఆమె కాలు మంచిదంటారు. రేపు ఆరిపోతే? అప్పుడూ ఆమె కాలేనా? ఆమె హాజరు సరిగ్గా ఏస్తంది, జీతం తీసుకుంటంది. అంతే!"

పైడితల్లి మెల్లగా అంది: "కాయ మీరే కొట్టుకోండి బాబూ. సీర మాత్రం నాకిచ్చేయండి, రంగు బాగున్నాది."

అందరికంటే గట్టిగా నవ్వింది సింహాచలం గారే. ఆ గేటు దగ్గరే ఆమె పర్మినెంటయింది.

మూఢనమ్మకం తిట్టినప్పుడు గుర్తుపట్టడం తేలిక. దండ వేసినప్పుడే కష్టం. ఇప్పుడు నేనూ హెచ్.ఆర్. మేనేజర్నే. నిన్న మా డ్రైవరు కొత్త బస్సు తలుపు తీసి పట్టుకుని, "ముందు మీరెక్కండి మేడమ్, మీ కాలు మంచిది" అన్నాడు.

"నా కాలు సంగతి వదిలేయ్ నాయనా, ముందు నీ కాలి కింద బ్రేకు సూడు" అన్నాను. "టైరు కింద పెట్టే ఆ నిమ్మకాయ ఇలా ఇయ్యి, మజ్జిగలో పిండుకుంటాను."