జుస్మాన్ దగ్గు

తనకు అన్యాయం జరిగిందనే తెలియని మనిషిని మన్నించమని అడగాలంటే, ఆ అన్యాయమేమిటో చెప్పాలా, వద్దా? చెబితే కొత్త గాయం. చెప్పకపోతే దొంగ మన్నింపు. మా పెద్దలు రెండు విధాలా చెప్పి పోయారు. నాకు ఈ వయసుకీ తేలలేదు. విల్నా ఊళ్లో మా యూదుల వీధిలో పుస్తకాలకు అట్టలు కట్టే జుస్మాన్ మాత్రం ఒక్క మధ్యాహ్నంలో తేల్చేసుకున్నాడు.

ఒకరి మీద చెడు మాట పలకరాదన్న ధర్మాన్ని అతనంత నిష్ఠగా పాటించినవాడు మా వీధిలో లేడు. కొట్లో ఎవరైనా "ఆ రొట్టెలావిడ లేదూ..." అని మొదలుపెడితే చాలు, ఖళ్లుఖళ్లుమని దగ్గేవాడు. మాట అక్కడితో ఆగేది. రొట్టెలావిడలో ఏదో లోపముందని మాత్రం సాయంత్రానికి వీధంతా తెలిసిపోయేది.

పద్దెనిమిదేళ్ల కిందట పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన వచ్చి, ఎదురింటి గ్నెసియా ఎలాంటి పిల్లని అడిగాడు. జుస్మాన్ దగ్గాడు. ఈసారి నిజం దగ్గే. పొయ్యి మీది జిగురు పొగ గొంతుకు పట్టింది. "అర్థమైందిలెండి" అని ఆయన లేచిపోయాడు. వెనక్కి పిలిచి "ఇది ఉత్త దగ్గేనయ్యా" అంటే, మిగతా దగ్గులు ఉత్తవి కావని ఒప్పుకున్నట్టవుతుంది. జుస్మాన్ ఊరుకున్నాడు. గ్నెసియాకు మరి పెళ్లి కాలేదు.

ఈ ఏడు డాక్టరు జుస్మాన్ గుండె విని పెదవి విరిచాడు. ఏడాది పాపాలన్నీ ఉపవాసంతో కడుక్కునే ప్రాయశ్చిత్త దినం రేపనగా వచ్చింది. ముందురోజు పొద్దుగూకేలోగా అన్యాయం జరిగిన మనిషి మన్నించకపోతే, మర్నాటి ఉపవాసం ఆ పాపాన్ని కడగదు. ఆ మధ్యాహ్నమే వీధి దాటాడు.

గ్నెసియా మాంసం కుడుములు చుడుతోంది.

"మన్నించమ్మా గ్నెసియా."

"మన్నించాను జుస్మాన్ గారూ, మీరూ నన్ను మన్నించండి. కూర్చోండి, తేనె రొట్టె తినిపోదురు."

ఆ రోజు వీధిలో అందరూ ఒకరితో ఒకరు అనుకునే మాటే, అంతటితో పోయేదే. నిష్ఠ ఊరుకోనిస్తుందా? "దేనికో తెలీకుండా మన్నిస్తే చెల్లదమ్మా" అని, పొల్లుపోకుండా అంతా చెప్పాడు.

ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "పెళ్లివారు నా మెల్లకన్ను చూసి పోయారనుకున్నాను. ఇన్నేళ్లూ అద్దంలో మొహం చూసుకోలేదు నేను."

"మన్నించు తల్లీ."

"మన్నించను."

"పెద్దవాణ్ణి, మన్నించు."

"మన్నించనన్నానా!"

జుస్మాన్ మొహం కాస్త విచ్చుకుంది. మూడుసార్లు అడిగినా మన్నించకపోతే, అడిగినవాడి బాధ్యత తీరినట్టేనని శాస్త్రం. ఇంకొక్క "మన్నించను" చాలు.

"మూడోసారి అడుగుతున్నాను గ్నెసియా. మన్నిస్తావా, లేదా?"

గ్నెసియా అదే వీధిలో పెరిగిన పిల్ల. శాస్త్రం ఆమెకూ తెలుసు. అవుననలేదు, కాదనలేదు. చేతులు తుడుచుకుని, తేనె రొట్టె ముక్క అతని ముందు పెట్టి, నిదానంగా దగ్గింది. అచ్చం అతనిలాగే.

కిటికీలో పొద్దు వాలుతోంది. జుస్మాన్ రొట్టె ముట్టలేదు. టోపీ తీసుకుని గడప దాటాడు.