బొట్టు పెట్టిన అద్దం

డబ్బా మూత తీస్తే ఇప్పటికీ వాము, నువ్వులు, కాగిన నూనె కలిసిన సకినాల వాసనే వస్తుంది. లోపల ఉన్నది మాత్రం పాత పంచె ముక్కలో చుట్టిన అద్దం. భోజనం పళ్లెమంత గుండ్రటి గాజు, మధ్యలో కనీకనబడని లోతు, ముఖం మీద వెండిలాంటి పూత. తెల్లాపూర్‌లో మా పద్నాలుగో అంతస్తు ఇంట్లో మంచం కింద ఇన్నేళ్లూ పడి ఉన్నదాన్ని నిన్న బయటికి తీస్తే, పూత మసకబారి అక్కడక్కడ పొక్కులు లేచి కనబడింది.

నా చిన్నతనంలో మేము ఇస్నాపూర్‌లో ఉండేవాళ్లం. బాపు పటాన్‌చెరులో ఫిట్టర్. ఏదో కాలేజీవాళ్లు పారేసిన టెలిస్కోప్ పాతసామాన్ల దుకాణంలో తూకానికి పోబోతుంటే బతిమాలి తెచ్చుకున్నాడు. గొట్టం అడుగున అద్దం చూసి వాడకట్టంతా ఎకసెక్కాలాడింది, అద్దంలో చూస్తే మన మొఖమే కదా కనబడేదని. బాపు పట్టించుకోలేదు. వాన వెలిసిన ఆదివారాల్లో, ఫ్యాక్టరీల పుల్లటి వాసనా పక్కింటి మక్కకంకుల కమ్మటి వాసనా కలిసి వచ్చే వాకిట్లో కూర్చుని, అద్దాన్ని ముందు పారే నీళ్ల కింద పట్టి, తర్వాత సబ్బునీళ్లలో ముంచిన దూదిని దాని బరువుతోనే జారనిచ్చి, చివర బ్యాటరీల్లో పోసే నీళ్లతో కడిగి, ఏటవాలుగా ఆరబెట్టేవాడు. వేలు తగిలిందా, వీపు విమానం మోతే.

పాత పూత అప్పటికే సగం పోయింది. స్కూటర్ లైట్ల గిన్నెలకు లోపల మెరుపు పూత వేసే ఫ్యాక్టరీలో యాదగిరి అని సూపర్‌వైజర్ ఉండేవాడు. గాలి తీసేసిన ఇనుప డ్రమ్ములో అల్యూమినియం ఆవిరై గిన్నెలకు అంటుకుంటుందట. ఆ గిన్నెల నడుమ మా అద్దాన్ని కూడా పెట్టమని బాపు ఆరు నెలలు ఆయన చుట్టూ తిరిగాడు. చివరికి ఆయన ఒప్పుకున్నాడు, ఇంకోసారి అడిగితే మాత్రం గేటు కూడా దాటనివ్వనని చెప్పి మరీ.

అద్దం తళతళలాడుతూ ఇంటికొచ్చిన మూడో రోజే దసరా. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూలు ఇంకా మూలన వాడుతున్నాయి, సద్దుల బతుకమ్మ నాటి తీపి మలీద ముద్ద ఒకటి నా గౌను జేబులోనే ఉంది. పనిచేసే వస్తువుకు బొట్టు పెట్టకపోతే అలుగుతుందని నాయినమ్మ నమ్మకం. బాపు బోల్టులు విప్పే పానాలకు, సైకిల్‌కు, తన కొడవలికి పెట్టి, అదే చేత్తో అద్దం నడిమధ్య పసుపు రాసి, తడి కుంకుమ దిద్దింది. అలిగితే ఆకాశం చూపించదని భయపడిందేమో పాపం.

బాపు మాంసానికి పోయాడు. ఆయన వచ్చేలోగా బొట్టు పోగొట్టాలని నాకు తోచింది. ఇత్తడి పళ్లేలు ఎట్లా మెరుస్తాయో నాకు తెలుసు కదా! పొయ్యిలోని బూడిద, కొబ్బరి పీచు తెచ్చి బలం కొద్దీ తోమాను. బొట్టుతో పాటు మెరుపూ పోయింది. అద్దంలో నా మొఖానికి బదులు కింద పరిచిన గోనెసంచి కనబడింది. నాయినమ్మ వచ్చి చూసి, చేతులు కడుక్కోమని నన్ను బావి దగ్గరికి తరిమింది.

బాపు వచ్చాక తనే ఎదురుపోయింది. "నేనే తోమిన బిడ్డా. ఇంకింత మెరుస్తదనుకున్న." పాలలో నీళ్లు కలిపిన నాడు కలిపానని చెప్పి మరీ అమ్మే మనిషి మా నాయినమ్మ. బాపు గడప మీద కూర్చుండిపోయాడు. పండుగ పూట మాంసం ముట్టలేదు. నన్ను కొట్టినా బాగుండేది.

సాయంత్రం జమ్మి ఆకు తెచ్చుకున్నాక, నాయినమ్మ బాపును రెక్క పట్టుకుని యాదగిరి ఇంటికి నడిపించింది, నేను వెనకాల. జమ్మి బంగారం పట్టుకుని గడపలోకి వచ్చినవాళ్లను దసరా నాడు ఎవరూ కాదనరు. అది ఆమెకు బాగా తెలుసు. "బంగారం తీస్కో బిడ్డా. తప్పు నాది, నా కొడుకుది గాదు" అని ఆకు ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముందు తల పట్టుకున్నాడు, తర్వాత నవ్వి ఆమె కాళ్లకు మొక్కాడు.

రెండు రోజుల్లో పాత పూత కడిగేసి కొత్తది వేయించారు. బూడిదలోని ఇసుక రేణువు గాజు మీద గీసిన సన్నటి వంపు గీత మాత్రం పోలేదు. అద్దాన్ని తిరిగి గొట్టంలో బిగించిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు వాకిట్లో నాయినమ్మే మొదట చంద్రుణ్ణి చూసింది. "గుంతలే గుంతలు. మన ఇస్నాపూర్ తొవ్వ లెక్కనే ఉన్నది" అంది. ఎకసెక్కాలాడిన వాడకట్టంతా వరుసలో నిలబడింది.

నాయినమ్మ ఇప్పుడు లేదు. ఆ వాకిలి కిరాయి గదులైంది, లైట్ల ఫ్యాక్టరీ మూతబడింది, మా బాల్కనీలోంచి నాలుగు చుక్కలు కనబడితే గొప్ప. అయినా మాతోనే ఉంటున్న బాపు ఆశ వదల్లేదు. పూత వేసే ఇంకో చోటు వెతికిపెట్టాడు, రేపే పోతున్నాం. పొద్దున ఇద్దరం అద్దం కడుగుతుంటే ఆ గీత వెలుగుకు అడ్డంగా మెరిసింది. నేనిక ఆగలేకపోయాను. ఆ రోజు తోమింది నాయినమ్మ కాదు, నేనే అని చెప్పేశాను.

బాపు దూది జారవిడుస్తూనే ఉన్నాడు. "నీ గోర్లల్ల బూడిద ఆ పొద్దే సూసిన."

మరి ఎందుకు అడగలేదన్నాను.

"మా అమ్మ జిందగీల ఆడిన ఒక్క అబద్ధమే అది. దాన్ని పట్టుకొని తప్పని ఎట్లంటనే?"

గాజుకు పాలిష్ పట్టించి గీత తీయిద్దామా అంటే తల అడ్డంగా ఊపాడు. ఇద్దరం చెరోవైపు అంచులు పట్టుకుని అద్దాన్ని ఏటవాలుగా ఆరబెట్టాం.