మంచు తిన్న వేళ్ళు

కెంచార్లహళ్ళి వెంకటరాయప్ప అంటార్కిటికా నుంచి వచ్చి ఆరు నెలలయినా ఊరి జనం ప్రశ్నలు మానలేదు. టీ అంగడి సీనప్పయితే మరీను. "ఆడ ఫ్రిజ్జుతో పనే లేదంట కదప్పా?" అని రోజూ అడిగి, రోజూ తానే నవ్వుకుంటాడు. వెంకటరాయప్ప తల ఊపి టీ తాగుతాడు. గ్లాసు ఎంత కాలుతోందో పెదవికి తగిలితేగానీ అతనికి తెలియదు. కుడిచేతి మూడు వేళ్ళలో స్పర్శ లేదు. ఆ మాట భార్య నేత్రకు కూడా చెప్పలేదు. మచ్చలు చూసి ఆమె అడిగితే నొప్పి లేదన్నాడు. అదీ నిజమే.

అతనిది పట్టు తీసే ఇల్లు. ఉడుకు నీళ్ళలో తేలే పట్టుపురుగుల గూళ్ళ నుంచి వెంట్రుక కంటే సన్నటి పోగును పట్టి చరక రాట్నానికి ఎక్కించడం చిన్ననాడే వచ్చింది. నీళ్ళ వేడి చూడాలన్నా వేలే, పోగు తెగిందని పసిగట్టాలన్నా వేలే. తర్వాత డీజిల్ మెకానిక్ చదివి, జనరేటర్లు చూసుకోవడానికి ఏడాదిపాటు మంచుఖండంలోని పరిశోధన కేంద్రానికి వెళ్ళాడు.

అక్కడ జూన్‌లో సూర్యుడు రాడు. మధ్యాహ్నం పన్నెండుకు ఆకాశం అంచున కాస్త ఎరుపు, అంతే. మంచు మెత్తగా ఉంటుందనుకునేవాళ్ళు ఒకసారి పోయి చూడాలి. ఇసుకలా పొడిగా గాలిలో లేచి మొహాన్ని గీరేస్తుంది. ఊపిరి మీసాల మీదే గడ్డకడుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం, మైనస్ ముప్పైలో, డీజిల్ గొట్టం నట్టు పట్టు చిక్కలేదని చేతి తొడుగు తీశాడు. పది నిమిషాలకు వేళ్ళు మైనంలా తెల్లబడ్డాయి.

లోపలికొచ్చి డాక్టరును పిలవాల్సింది. పట్టు ఇంట్లో పుట్టినవాడికి నీళ్ళ వేడి ఇంకొకరు చెప్పాలా? బకెట్లో వేళ్ళు ముంచాడు. వేడి తగల్లేదు. ఉడుకు నీళ్ళు పోశాడు. ఇంకా తగల్లేదు. ఇంకా పోశాడు. డాక్టర్ శ్రేయస్ పరుగున వచ్చి చెయ్యి లాగేదాకా, వేళ్ళు ఉడికిపోతున్నాయని అతనికి తెలియలేదు.

నిన్న పొద్దున పనికి వచ్చే సుజాతమ్మ రాలేదు. "నువ్వొచ్చి కూసో, గూళ్ళు ఉడికిపోతాండాయి," అంది నేత్ర. ఆరు నెలలుగా ఏదో ఒక సాకు చెప్పి ఆ పని తప్పించుకున్నవాడు, ఈసారి కూర్చున్నాడు. కాసేపటికి ఆమె చరక ఆపింది.

"పోగు తెగి ఎంతసేపాయెనో! తెలీలేదా?"

"తెలీలేదు."

ఆమె అతని వేలి కొనను గోటితో నొక్కింది. "ఇప్పుడు?"

"లేదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన జూన్ నుంచి."

చెప్పేశాక గుండె తేలికవుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు. ఇక ఈ పని చేయలేనన్న దుఃఖం కూడా రాలేదు, దానికే కాస్త భయమేసింది. నేత్ర అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె ఎంత గట్టిగా పట్టుకుందో, తెల్లబడిన ఆమె కణుపులు చూసి తెలుసుకున్నాడు.