మా మరదలి వంకర చీటీలు

మా ఇంట్లో నేను ఊరికే కోతలు కోస్తే, మా మరదలు జీతానికి కోస్తుంది. రోగుల ఒంట్లోంచి తీసిన కండ ముక్కను మైనంలో బిగించి, పల్చటి పొరగా కోసి, రంగు వేసి గాజు పలక మీద పరవడం ఆసుపత్రి ల్యాబులో ఆవిడ పని. ఒకసారి ఆ పొర మీద ఈగ వాలితే దాని కాళ్లు కింద బల్లకి తగిలాయి. నమ్మకపోతే ఈగనడగండి.

ముప్పై ఏళ్ల అనుభవం కదా, పొర చూడగానే క్యాన్సరో కాదో ఆవిడకి తెలిసిపోతుంది. కానీ రోగం పేరెత్తే హక్కు డాక్టరుదే. టెక్నీషియను ఎత్తితే ఉద్యోగం ఊడుతుందని అక్కడ గోడ మీదే రాసి ఉంది. అందుకని ఆవిడ నోరెత్తేది కాదు. అనుమానమున్న పలకకి నంబరు చీటీని రవ్వంత వంకరగా అంటించేది, పెద్ద డాక్టరు కాస్త ఆగి చూస్తాడని.

ఇంతలో ఒక కంప్యూటరమ్మాయి వచ్చింది. నాలుగు వేల పాత పలకలను చీటీలతో సహా ఫోటోలు తీసి, డాక్టరు తేల్చిన ఫలితాలు జతచేసి యంత్రానికి నేర్పింది. యంత్రం నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పింది. ఆసుపత్రంతా నోరు వెళ్లబెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం మా మరదలు ఫోన్ చేసింది.

"బావా, కొంప మునిగింది. జలుబుతో తుమ్ముతూ ఒక దర్జీ కడుపు ముక్క ఉన్న పలకకి చీటీ వంకరగా అంటించేశాను. పొర నిక్షేపంలా ఉంది. యంత్రం మాత్రం క్యాన్సరంటోంది. దాంతో డాక్టరుగారికి తన కళ్ల మీదే అనుమానం పట్టుకుంది, ఆపరేషనుకి రాసేలా ఉన్నారు."

"చెప్పెయ్ మరి."

"చెబితే నా ఉద్యోగం పోతుంది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లే ఉంది బావా!"

"చెప్పకపోతే వాడి కడుపు కోస్తారు. ఉద్యోగం పోతే ఇంటికి రా. కాకపోతే కబుర్లు చెప్పే కుర్చీ ఇక్కడ ఒక్కటే ఉంది, అది నాది."

"నీ కుర్చీ తగలెయ్యా!" అని ఫోన్ పెట్టేసింది.

తిన్నగా డాక్టరు గదికి వెళ్లి, ఆయన ఎదుటే చీటీ పీకి సరిగ్గా అంటించి, కంప్యూటరమ్మాయిని పిలిచి మళ్లీ ఫోటో తీయమంది. యంత్రం క్షణంలో మాట మార్చింది. క్యాన్సరూ లేదు, గిన్సరూ లేదు.

కంప్యూటరమ్మాయి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఆంటీ, ఇది ఇన్నాళ్లూ చూసింది చీటీనా?"

మా మరదలు ఉన్నదున్నట్టు చెప్పి, గోడ మీది ఆ రాత వైపు చూస్తూ నిలబడింది. డాక్టరు కళ్లజోడు తీసి తుడిచాడు.

"నేను మాత్రం ఇన్నేళ్లూ ఏం చూశానో!" అన్నాడు. "ఉద్యోగం సంగతి వదిలెయ్యమ్మా. ఇకమీదట అనుమానమొస్తే నోటితో చెప్పు. ముందు ఆ నాలుగు వేల పలకలూ మనిద్దరం మళ్లీ చూడాలి."

రెండు నెలలు పట్టింది. చీటీలు కనబడకుండా ఫోటోలు తీసి మళ్లీ నేర్పిస్తే యంత్రానికి నూటికి డెబ్భై ఒకటే వచ్చాయి. కంప్యూటరమ్మాయి ముఖం వాడిపోయింది.

"మొదటేడు నాకు అరవై కూడా రాలేదు లేవే," అంది మా మరదలు, ఆ పిల్ల పక్కకి స్టూలు లాక్కుంటూ. "తప్పినవి తియ్యి. ఎక్కడ బోల్తా పడుతోందో చూద్దాం."