చెట్లు నరకవచ్చునా?

గోదావరిఖనిలో టీచరుగా పదేళ్లపాటు నేను పిల్లల చేత ఒక అబద్ధాన్ని బట్టీ పట్టించాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

తొంభైలనాటి సంగతి. 'చెట్లు నరకవచ్చునా?' అని ప్రతి పరీక్షలోనూ ఐదు మార్కుల ప్రశ్న ఒకటి ఉండేది. 'నరకరాదు. చెట్టు నరికినవాడు పాపి' అన్నది జవాబు. దాన్ని నేను దిద్దేది టేకు బల్ల మీద, కూర్చునేది టేకు కుర్చీలో. ఏటా వనమహోత్సవానికి వచ్చే పెద్దమనుషులు పోయినేడు తవ్విన గుంతలోనే మళ్లీ మొక్క పెట్టి, ఫొటో దిగి వెళ్లిపోయేవారు. తర్వాత చెంబెడు నీళ్లు పోసినవాడు లేడు. అయినా పాఠంలో తప్పంతా గొడ్డలి పట్టినవాడిదే.

ఒక అర్ధసంవత్సర పరీక్షలో తొమ్మిదో తరగతి అమ్మాయి 'నరకవచ్చును' అని రాసింది. 'నరకడానికే పెంచే తోటలు ఉన్నాయి. నరికినచోట మళ్లీ నాటుతారు. ఆ కర్రలను మా బాపు బొగ్గుబాయిలో పైకప్పు కింద నిలబెడతాడు.' నేను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి సున్నా వేశాను. అంతటితో ఊరుకోలేదు, తరగతిలో పైకి చదివి వినిపించాను. పిల్లలు 'పాపి బిడ్డ' అని పగలబడి నవ్వారు. నేను ఆపలేదు.

మర్నాడు మొదటి షిఫ్టు దిగి ఆమె తండ్రి బడికి వచ్చాడు. కళ్ల అంచులకు ఇంకా బొగ్గు ఉంది. మార్కుల మాట ఎత్తలేదు.

"బిడ్డ రాసినదాంట్ల తప్పేంది టీచరమ్మా? పైకప్పు కూలేముందు కర్ర పటపటమంటది. గా సప్పుడు ఇనే మేం బయటికి ఉరుకుతం. గట్ల బతికొచ్చినోళ్లం మస్తుమందిమి ఉన్నం."

"పుస్తకంల గట్ల లేదన్నా," అన్నాను.

"పుస్తకం రాసినాయన ఎన్నడన్న బాయిల దిగిండా?"

మా బాపు కూడా ముప్పై ఏళ్లు ఆ కర్రలే నిలబెట్టాడు. ఆ జీతంతోనే నేను టీచరునయ్యాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. పక్కన తోటి టీచర్లు వింటున్నారని మా బాపు సంగతి ఆయనతో అనలేదు. థూ, ఏం చదువు నాది!

వార్షిక పరీక్షలో ఆ అమ్మాయి 'నరకరాదు' అంటూ పాఠం పొల్లుపోకుండా రాసింది. ఐదుకు ఐదు వేశాను. మరుసటేడు ఆమె పదో తరగతి పరీక్ష దరఖాస్తు నింపుతూ, తండ్రి పనేమిటని అడిగాను. ఆయన్ను నేను చూశానని ఆమెకు తెలుసు. అయినా తల వంచుకుని, "ఆఫీసుల చేస్తడు టీచర్," అంది.

నేను అదే రాశాను.